స్టూడియో యాజమాన్యం – కళాకారుడి ఖాతా: మోటౌన్ సంస్థ (1959–1972) చరిత్ర, పరిశీలన

వ్యాససంగ్రహం:

రికార్డు సంస్థలు సొంత రికార్డింగు స్టూడియోలను నెలకొల్పుకోవడాన్ని సంగీత చరిత్ర ప్రధానంగా ధ్వని దృష్టితోనే పరిశీలించింది. ఏ గదిలో ఏ వాద్యం ఎలా మోగిందన్నదే అక్కడ ముఖ్యాంశం. ఆ యాజమాన్యాన్ని లెక్కల పుస్తకం వైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. పాట తయారీ ఖర్చును కళాకారుడి పేర అప్పుగా రాసి, తయారైన టేపును మాత్రం సంస్థ ఆస్తిగా నిలుపుకొన్న పద్ధతిని అమెరికాలోని డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ ఆధారంగా వివరించి, స్టాక్స్, ఈఎంఐ సంస్థలతోనూ, మద్రాసు కేంద్రంగా సాగిన తెలుగు సినిమా పాటతోనూ పోల్చడం జరిగింది.

కీలకపదాలు: మోటౌన్, రికార్డింగు స్టూడియో, రాయల్టీ, మాస్టర్ టేపు, బెర్రీ గోర్డీ, హిట్స్‌విల్.

1. ప్రవేశిక

గ్రామఫోను రికార్డు యుగంలో గాయకుడికీ శ్రోతకూ నడుమ మూడు స్థలాలు ఉండేవి. పాటను ముద్రించే స్టూడియో మొదటిది, రికార్డును అచ్చువేసే కర్మాగారం రెండవది, అమ్మే అంగడి మూడవది. కర్మాగారం, అంగడి ఎప్పుడూ వ్యాపారులవే. వాటి లాభనష్టాల్లో గాయకుడికి నేరుగా పాత్ర లేదు. స్టూడియో సంగతి వేరు. గాయకుడు స్వయంగా అడుగుపెట్టి, గంటల తరబడి శ్రమించే చోటు అది. అతని శ్రమ సరుకుగా మారేది అక్కడే. అందువల్ల ఆ గది ఎవరిది, అందులో గడిచిన గంటల ఖర్చు ఎవరి పద్దులో పడుతుంది అన్న ప్రశ్నలకు సంగీత చరిత్రలో ఇప్పటివరకు దక్కిన దానికంటే ఎక్కువ ప్రాధాన్యం ఉంది.

రికార్డు ఒప్పందాల సాధారణ స్వరూపం ఇది. సంస్థ ముందుగా పెట్టుబడి పెట్టి పాటను రికార్డు చేయిస్తుంది. అమ్మకాలపై కళాకారుడికి నూటికి ఇంత అని రాయల్టీ నిర్ణయిస్తుంది. రికార్డింగుకైన ఖర్చు ఆ రాయల్టీ నుంచి పూర్తిగా తీరేదాకా కళాకారుడి చేతికి పైసా రాదు. ఖర్చు తీరిన తర్వాత కూడా మాస్టర్ టేపు సంస్థదే. తాకట్టు పెట్టిన నగ అప్పు తీరితే ఇంటికి తిరిగివస్తుంది. ఈ ఒప్పందంలో అప్పు తీరినా టేపు తిరిగిరాదు. స్టూడియో బయటివాడిదైతే సంస్థ అతనికి నిజంగా డబ్బు చెల్లించి బిల్లు తెచ్చుకోవాలి. అది సంస్థ సొంతమైతే బిల్లు రాసేదీ, దాన్ని ఆమోదించేదీ, కళాకారుడి ఖాతాలో ఖర్చు వేసేదీ ఒకే యాజమాన్యం అవుతుంది. మోటౌన్ చరిత్రలో ఈ ఏర్పాటు మిక్కిలి స్పష్టంగా కనిపిస్తుంది.

2. మూడు డాలర్ల చెక్కు

మోటౌన్ స్థాపకుడు బెర్రీ గోర్డీ 1929లో డెట్రాయిట్‌లో జన్మించిన ఆఫ్రికన్ అమెరికన్. 1950ల మధ్యలో లింకన్–మెర్క్యురీ కార్ల కర్మాగారంలో కొంతకాలం కార్మికుడిగా పనిచేశాడు. ఆ తర్వాత గాయకుడు జాకీ విల్సన్ కోసం పాటలు రాసి పేరు తెచ్చుకున్నాడు. రచయితగా, నిర్మాతగా అతనికి దక్కింది స్వల్పం. 1958లో స్మోకీ రాబిన్సన్ బృందమైన మిరకిల్స్ చేత పాడించిన ‘గాట్ ఎ జాబ్’ రికార్డును న్యూయార్క్‌లోని ఎండ్ అనే సంస్థ విడుదల చేసింది. దానిపై వచ్చిన రాయల్టీ చెక్కు విలువ 3 డాలర్ల 19 సెంట్లు. ఇలాంటి చెక్కులు అందుకోవడం కంటే సొంత సంస్థ పెట్టుకోవడం మేలని రాబిన్సన్ ప్రోత్సహించాడని ఇరువురూ తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పారు. కళాకారులకు లెక్క సరిగా చెప్పని సంస్థల పట్ల ఆగ్రహమే ఒక కొత్త సంస్థకు పునాది అయిందన్నమాట. తర్వాతి కథ చదివేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

1959 జనవరిలో గోర్డీ కుటుంబ పొదుపు నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని టామ్లా అనే పేరుతో రికార్డులు ప్రారంభించాడు. మార్వ్ జాన్సన్ పాడిన తొలి రికార్డు డెట్రాయిట్‌లోని యునైటెడ్ సౌండ్ అనే అద్దె స్టూడియోలో తయారైంది. అదే సంవత్సరం గోర్డీ 2648, వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ చిరునామాలోని రెండంతస్తుల ఇల్లు కొన్నాడు. అంతకుముందు ఒక ఫోటోగ్రాఫరు వాడుకున్న వెనుక భాగం రికార్డింగు గదిగా మారింది. పై అంతస్తులో గోర్డీ కుటుంబం నివసించేది. ముఖద్వారం పైన ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అన్న పలక వెలిసింది. పైకప్పు నుంచి తీగలు వేలాడే ఆ ఇరుకు గదిని వాద్యకారులు పాముల గుంట అనే అర్థంలో ‘స్నేక్‌పిట్’ అని పిలిచేవారు. ఆ గది నుంచి వెలువడిన తొలి విజయం బారెట్ స్ట్రాంగ్ పాడిన ‘మనీ’. తనకు కావలసింది డబ్బేనని చెప్పే పాట అది.

3. ఒకే కప్పు కింద

గోర్డీ ప్రత్యేకత స్టూడియో కొనడంలో మాత్రమే లేదు. పాటల ప్రచురణ హక్కుల కోసం తన ముగ్గురు పిల్లల పేర్లలోని అక్షరాలతో జాబీటీ అనే సంస్థను, కళాకారుల వ్యవహారాలు చూసేందుకు ఇంటర్నేషనల్ టాలెంట్ మేనేజ్‌మెంట్ అనే మరో సంస్థను నెలకొల్పాడు. నడక, మాట, నృత్యం నేర్పే శిక్షణ విభాగం కూడా ఏర్పడింది. మ్యాక్సీన్ పావెల్, చోలీ అట్కిన్స్ వంటివారు అక్కడ బోధకులు. వారానికోసారి ‘క్వాలిటీ కంట్రోల్’ సమావేశంలో ఏ పాట విడుదల కావాలో ఓటు వేసి నిర్ణయించేవారు. కార్ల కర్మాగారంలో ఒకచివర లోహపు చట్రం ప్రవేశించి మరోచివర కారు బయటికి వచ్చే పద్ధతే తనకు ఆదర్శమని గోర్డీ దాచుకోలేదు.

ఈ ఏర్పాటులో కళాకారుడి పక్షాన మాట్లాడేవారు ఎవరు? సాధారణంగా మేనేజరు పని రికార్డు సంస్థతో బేరమాడి కళాకారుడికి మెరుగైన రేటు తేవడం. ఇక్కడ మేనేజరూ, సంస్థా ఒకరే. పాట రాసిన వాడు ప్రచురణకర్తను నిలదీయాలంటే అదీ గోర్డీయే. ఒప్పందంపై సంతకం పెట్టిన వారిలో అనేకులు పాఠశాల వయసు దాటీదాటని పేద పిల్లలు. బయటి న్యాయవాది సలహా తీసుకునే అవకాశం వారిలో చాలామందికి లేదు.

తెలుగు ప్రాంతాల చేనేతను ఎరిగినవారికి ఈ స్వరూపం పూర్తిగా అపరిచితం కాదు. మాస్టర్ వీవర్ నూలు, రంగు, డిజైను తానే ఇస్తాడు, కొన్నిచోట్ల మగ్గం కూడా అతనిదే. నేతగాడికి మజూరీ కట్టి చీర తీసుకుపోతాడు. పండుగకో పెళ్ళికో ఇచ్చిన అడ్వాన్సును ఆ మజూరీలోంచి కోసుకుంటాడు. మోటౌన్ పద్ధతిలో మరో మెట్టు ఉంది. చీర నేయడానికైన ఖర్చు కూడా నేతగాడి అడ్వాన్సు కిందే జమ.

4. రోజుకు ఇరవైరెండు గంటలు

హిట్స్‌విల్ స్టూడియో రోజుకు 22 గంటలు తెరచి ఉండేదని ప్రసిద్ధి. శుభ్రపరచడానికి, యంత్రాల సంరక్షణకు పొద్దున రెండు గంటలు మాత్రమే విరామం. దీన్ని సంగీత చరిత్ర ఉత్సాహానికీ, సృజనకూ నిదర్శనంగా వర్ణిస్తుంది. ఆ వర్ణన అబద్ధం కాదు. అద్దె స్టూడియోలో గడియారం చూసుకుంటూ పాడవలసిన గాయకులకు ఇక్కడ పదిసార్లు, ఇరవైసార్లు ప్రయత్నించే వీలు దొరికింది. అర్ధరాత్రి తోచిన రాగాన్ని అప్పటికప్పుడు ముద్రించి చూసే సౌకర్యం డెట్రాయిట్‌లో మరెవరికీ లేదు.

అయితే అన్ని గంటల్లో తయారైన టేపులన్నీ రికార్డులు కాలేదు. ఒకే పాటను ముగ్గురు నలుగురు గాయకుల చేత పాడించి, మెరుగైనదాన్ని ఎంచుకోవడం సంస్థ అలవాటు. మిగిలినవి గిడ్డంగికి చేరేవి. మోటౌన్ ఒప్పందాల ప్రకారం విడుదలైన పాటల ఖర్చే కాక, విడుదల కాని పాటల రికార్డింగు ఖర్చు కూడా కళాకారుడి ఖాతాలో పడేది. ఎన్ని పాటలు పాడించాలో, వాటిలో ఏది విడుదల చేయాలో నిర్ణయించేది సంస్థ. ఆ నిర్ణయపు మూల్యం చెల్లించేది గాయకుడు.

కేవలం అవగాహన కోసం ఒక ఊహాలెక్క చూడవచ్చు. డాలరు ధర గల సింగిల్ రికార్డుపై, అమ్మకాల్లో 90 శాతానికి, 3 శాతం చొప్పున రాయల్టీ అనుకుందాం. ఆ కాలంలో కొత్త కళాకారులకు ఇది అసాధారణమైన రేటు కాదు. లక్ష రికార్డులు అమ్ముడైతే బృందానికి వచ్చేది 2,700 డాలర్లు. ఆ పాటతోపాటు విడుదల కాని మరో నాలుగు పాటలు పాడారనీ, ఒక్కోదానికి 500 డాలర్ల ఖర్చు రాశారనీ అనుకుంటే 2,500 డాలర్లు పోతాయి. మిగిలిన 200 డాలర్లను అయిదుగురు పంచుకుంటే తలకు 40. ఒక్క పాటే పాడి ఉంటే తలకు 440 వచ్చేది. అంటే, లక్ష రికార్డులు అమ్ముడైన బృందానికి అందే మొత్తాన్ని నిర్ణయించింది శ్రోతలు కాదు, స్టూడియో దినచర్య.

ఈ ఖర్చంతా కల్పితమని చెప్పడం అన్యాయం. వాద్యకారుల వేతనం, టేపు, ఇంజినీరు జీతం నిజమైన ఖర్చులే. అసలు చిక్కు వాటిని సరిచూసుకునే మార్గం కళాకారుడికి లేకపోవడం. అమ్మకాల సంఖ్య విషయంలోనూ ఇదే పరిస్థితి. బంగారు రికార్డులను ధ్రువీకరించే అమెరికా రికార్డు పరిశ్రమ సంఘంలో మోటౌన్ 1970ల ద్వితీయార్ధం వరకు చేరలేదు. కనుక దాని 1960ల అమ్మకాలకు ఆ సంఘం లెక్క లేదు. ఖర్చు ఎంతో, రాబడి ఎంతో రెండూ ఒకే చేతిరాతలో ఉన్న ఖాతా అది.

గిడ్డంగి టేపు విలువ ఎంతటిదో తెలిపే ఉదాహరణ ‘ఐ హర్డ్ ఇట్ త్రూ ది గ్రేప్‌వైన్’. 1966లో మిరకిల్స్, 1967లో మార్విన్ గే ఈ పాటను రికార్డు చేశారు. సంస్థ రెండింటినీ పక్కన పెట్టి, ఆ తర్వాత గ్లాడిస్ నైట్ బృందం పాడిన రూపాన్ని 1967లో విడుదల చేసింది. గే పాడినది మరుసటి సంవత్సరం ఒక ఆల్బమ్‌లో చేరి, రేడియోలో ఆదరణ పొందిన తరువాత మాత్రమే సింగిల్‌గా వచ్చింది. అప్పటివరకు మోటౌన్ సాధించిన విజయాల్లో అదే అతిపెద్దదైంది. ఏడాదికి పైగా ఆ టేపు గాయకుడి వైపు ఖర్చుగా, సంస్థ వైపు ఆస్తిగా ఉండిపోయింది.

5. పేరు లేని వాద్యకారులు

గాయకుల కంటే వాద్యకారుల స్థితి మరింత స్పష్టమైనది. ఎర్ల్ వాన్ డైక్, జేమ్స్ జేమర్సన్, బెనీ బెంజమిన్ మొదలైన వారితో కూడిన ఫంక్ బ్రదర్స్ బృందం 1960ల మోటౌన్ పాటల్లో అధిక భాగానికి వాద్యసహకారం అందించింది. తొలి ఏళ్ళలో పాటకు 5 నుంచి 10 డాలర్ల వరకు ముట్టేదని వారి జ్ఞాపకాలు తెలుపుతున్నాయి. తర్వాత స్థిరమైన వేతనం ఏర్పడింది. రాయల్టీ మాత్రం లేదు, రికార్డు అట్టపై పేరూ లేదు.

వారు బయటి స్టూడియోలలో వాయించడం గోర్డీకి ఇష్టం లేదు. అయినా వాయించారు. 1966లో క్యాపిటల్స్ బృందం పాడిన ‘కూల్ జెర్క్’ వెనుక ఉన్నది వీరే. డెట్రాయిట్‌లోనే ఉన్న గోల్డెన్ వరల్డ్ స్టూడియో ఇలా వారికి పని ఇచ్చే చోట్లలో ఒకటి. 1966–68 మధ్య గోర్డీ ఆ సంస్థను, స్టూడియోను కొనివేశాడు. హిట్స్‌విల్ గది ‘స్టూడియో ఎ’ కాగా, గోల్డెన్ వరల్డ్ ‘స్టూడియో బి’ అయింది. పోటీదారుడి స్టూడియోను కొనడమంటే యంత్రాలను కొనడం మాత్రమే కాదు, తన పనివారికి ఉన్న మరో తలుపును మూయడం కూడా. స్టూడియో యాజమాన్యం గురించిన చర్చలో ఈ అంశం తగినంతగా ప్రస్తావనకు రాలేదు.

1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ అట్టపై వాద్యకారుల పేర్లు అచ్చయ్యాయి. మోటౌన్‌లో అది మొదటిసారి. 1972లో సంస్థ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయినప్పుడు వారిలో అనేకులు డెట్రాయిట్‌లోనే మిగిలిపోయారు. ఈనాడు బాస్ గిటారు చరిత్రలో అగ్రస్థానంలో నిలిచే జేమర్సన్ 1983లో మరణించేనాటికి సామాన్య శ్రోతకు అతని పేరు తెలియదు.

6. స్టాక్స్, ఈఎంఐ: రెండు పోలికలు

స్టూడియో ఉంటే చాలు, లాభం దానంతటదే వస్తుందని అనుకోవడం పొరపాటు. మెంఫిస్ నగరంలో మూతపడిన ఒక సినిమాహాలును 1960లో స్టూడియోగా మార్చుకున్న స్టాక్స్ సంస్థ చరిత్ర ఇందుకు నిదర్శనం. ఓటిస్ రెడ్డింగ్ పాటల్లో చాలా వరకు ఆ హాలులో పుట్టినవే. పంపిణీ బాధ్యత న్యూయార్క్‌లోని అట్లాంటిక్ సంస్థది. 1967లో అట్లాంటిక్ వార్నర్ పరమైంది. ఆ మరుసటి ఏడాది స్టాక్స్ అధిపతి జిమ్ స్టీవార్ట్ పాత ఒప్పందం తిరగేసి చూస్తే, అట్లాంటిక్ పంపిణీ చేసిన టేపులన్నీ దాని సొంతమని 1965లో తానే సంతకం పెట్టి ఉన్నాడు. గది స్టాక్స్‌ది, శ్రమ స్టాక్స్‌ది, టేపు మరొకరిది. గోర్డీ ఒప్పందాలు తానే రాయించాడు. స్టీవార్ట్ ఇతరులు రాసినదానిపై సంతకం పెట్టాడు. ఇద్దరి నడుమ అసలు తేడా అదే.

బ్రిటన్‌లో ఈఎంఐ సంస్థకు లండన్ అబీ రోడ్డులో 1931 నుంచి సొంత స్టూడియోలు ఉన్నాయి. అక్కడ రికార్డింగు ఖర్చు సంస్థే భరించింది, కళాకారుడి ఖాతాలో వేయలేదు. ప్రతిఫలంగా రాయల్టీ అత్యల్పం. 1962 నాటి ఒప్పందం ప్రకారం బీటిల్స్‌కు ఒక్కో సింగిల్‌పై దక్కింది మొత్తం బృందానికీ కలిపి ఒక పెన్నీ. విదేశీ అమ్మకాలపై అందులో సగం. 1963 ఫిబ్రవరి 11న వారి తొలి ఆల్బమ్‌కు కావలసిన పది పాటలను ఒక్కరోజులో ముగించారు. వారి పాటలను తీర్చిదిద్దిన జార్జ్ మార్టిన్ సంస్థలో జీతగాడు, రాయల్టీ లేదు. 1965లో బయటికి వచ్చి సొంత నిర్మాణ సంస్థను, 1970లో సొంత స్టూడియోను ప్రారంభించాడు. ఒకచోట ఖర్చు రూపంలో కోత, మరోచోట రేటు రూపంలో కోత. ఖర్చు లేదన్న మాట వినడానికి ఉదారంగా ఉన్నా, పెన్నీ లెక్క చూస్తే ఆ ఔదార్యపు పరిమితి తెలుస్తుంది.

7. తలుపు దాటినవారు

మోటౌన్ ఒప్పందాన్ని తొలుత తెంచుకున్నది మేరీ వెల్స్. ‘మై గై’ పాటతో 1964లో దేశంలో అగ్రస్థానానికి చేరిన ఆమె, సంతకం పెట్టినప్పుడు తాను మైనరునన్న కారణంతో ఒప్పందం చెల్లదని వాదించి నెగ్గింది. మరో సంస్థ పెద్ద మొత్తం ఇచ్చి చేర్చుకుంది. అంతటి విజయం మాత్రం ఆమెకు మళ్ళీ రాలేదు. హిట్స్‌విల్ గది, ఆ వాద్యకారులు, ఆ రచయితలు వెనుకే ఉండిపోయారు. గోర్డీని సమర్థించేవారు ఈ ఉదాహరణనే చూపుతారు. తెల్లవారి బ్యాంకులు, పెద్ద సంస్థలు నల్లజాతి యువతకు తలుపులు తెరవని నగరంలో సొంత డబ్బుతో స్టూడియో కట్టి, శిక్షణ ఇచ్చి, ఓడిపోయిన రికార్డుల నష్టాన్ని గెలిచిన రికార్డులతో పూడ్చుకోక తప్పదని వారి వాదం. ఇందులో బలం ఉంది. అయితే అది సంస్థ లాభం తీసుకోవడాన్ని సమర్థిస్తుంది గాని, లెక్క చూపకపోవడాన్ని సమర్థించదు.

అత్యధిక విజయాలు అందించిన రచయితలు హాలండ్, డోజియర్, హాలండ్ 1968లో సంస్థతో వ్యాజ్యాలకు దిగారు. సంస్థ 4 మిలియన్ డాలర్లకు, వారు 22 మిలియన్ డాలర్లకు పరస్పరం దావాలు వేసుకున్నారు. స్టీవీ వండర్ మార్గం వేరు. పదకొండేళ్ళ వయసులో చేరిన అతనికి 1971 మే నెలలో 21 ఏళ్ళు నిండాయి. పాత ఒప్పందాన్ని ముగిసిపోనిచ్చి, న్యూయార్క్ వెళ్ళి, సొంత డబ్బుతో అద్దె స్టూడియోలలో రికార్డు చేయడం మొదలుపెట్టాడు. వాద్యాలు చాలావరకు తానే వాయించాడు. టేపులు చేతిలో ఉంచుకుని మోటౌన్‌తో తిరిగి బేరమాడి, సొంత ప్రచురణ సంస్థతో సహా మెరుగైన షరతులు సాధించాడు. బేరం కుదిరేనాటికి పాట ఎవరి ఖర్చుతో తయారైందన్నదే తేడా.

అతను పనిచేసిన స్టూడియోలలో ఒకటి జిమీ హెండ్రిక్స్ నిర్మించుకున్న ఎలక్ట్రిక్ లేడీ. కళాకారుడే యజమానిగా 1970 ఆగస్టులో తెరచిన ఆ స్టూడియో కోసం హెండ్రిక్స్ తన రాబోయే రాయల్టీల పూచీపై వార్నర్ సంస్థ నుంచే అప్పు తీసుకోవలసివచ్చింది. మూడు వారాలు గడిచీ గడవకముందే, సెప్టెంబరు 18న మరణించాడు.

8. మద్రాసు పద్ధతి

తెలుగు సినిమా పాట చరిత్రలో ఈ అప్పు ఖాతా కనిపించదు. మద్రాసులో పాట ముద్రించే థియేటర్లు వాహినీ, ఏవీఎం, జెమినీ వంటి చలనచిత్ర స్టూడియోలవి. ఏవీఎం అధిపతి ఎ.వి. మెయ్యప్పన్ తొలుత సరస్వతీ స్టోర్స్ పేరుతో గ్రామఫోను రికార్డుల వ్యాపారం చేసి, తర్వాత చిత్రనిర్మాణంలోకి ప్రవేశించినవాడే. అయినా పాట ఖర్చు పెట్టేది చిత్రనిర్మాత. గాయకుడికి పాటకు ఇంత అని ముట్టజెప్పేవారు. రికార్డు హక్కులు ఈఎంఐ అనుబంధమైన గ్రామఫోన్ కంపెనీ వంటి సంస్థలకు నిర్మాత అమ్మేవాడు. గాయకుడి పేర ఖర్చు రాయలేదు, ఎందుకంటే సాధారణంగా అతనికి వాటాయే లేదు. సినిమా కోసం రాయించిన పాటకు తొలి హక్కుదారు నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రచయితలు, స్వరకర్తలు వదులుకోవడానికి వీలులేని రాయల్టీ హక్కు 2012 కాపీరైట్ సవరణతో గాని రాలేదు. డెట్రాయిట్ గాయకుడు అప్పుతో ఇంటికి వెళ్ళాడు, మద్రాసు గాయకుడు కూలితో వెళ్ళాడు. ఏది మేలన్న ప్రశ్నకు తేలిక జవాబు లేదు. కూలి తీసుకున్నవాడికి ఆ సాయంత్రమే డబ్బు చేతికి వచ్చింది. అప్పులో ఉన్నవాడికి, లెక్క ఎంత వంకరగా ఉన్నా, అడగడానికి ఒక హక్కు మిగిలింది.

9. గిడ్డంగిలోని టేపులు

1988లో గోర్డీ మోటౌన్ రికార్డు సంస్థను ఎంసీఏకు 61 మిలియన్ డాలర్లకు అమ్మాడు. జాబీటీ ప్రచురణ హక్కులను తనవద్దే ఉంచుకుని, 1997లో వాటిలో సగభాగాన్ని 132 మిలియన్ డాలర్లకు ఈఎంఐకి ఇచ్చాడు. రికార్డు సంస్థ 1993లో పాలీగ్రామ్‌కు చేరేసరికి దాని వెల 300 మిలియన్ డాలర్లు దాటింది. అప్పటికి వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ ఇంట్లో రికార్డింగు ఆగిపోయి రెండు దశాబ్దాలైంది. అది 1985 నుంచి మ్యూజియం. కొన్నవారు డబ్బిచ్చింది గదికి కాదు, ఆ గదిలో నిండిన టేపులకు.

యూరోపియన్ యూనియన్ 2011లో ధ్వనిముద్రణల హక్కును 50 ఏళ్ళ నుంచి 70 ఏళ్ళకు పొడిగించింది. రికార్డు చేసిన 50 ఏళ్ళలోగా విడుదల కాని పాటలకు మాత్రం ఈ పొడిగింపు వర్తించదు. అప్పటికి మోటౌన్ టేపులు యూనివర్సల్ సంస్థ చేతిలో ఉన్నాయి. 2012 చివరలో ‘మోటౌన్ అన్‌రిలీజ్డ్ 1962’ అనే సంకలనం ఇంటర్నెట్‌లో అమ్మకానికి వచ్చింది. క్వాలిటీ కంట్రోల్ సమావేశాల కాలంలో వెలుగు చూడక మిగిలిన పాటలు అందులో ఉన్నాయి. మరుసటి ఏడాది 1963 పాటలతో ఇంకొకటి వచ్చింది. గడువు దాటి హక్కు మురిగిపోకుండా చూసుకోవడమే ఈ విడుదలల ఉద్దేశం. ఆ పాటలు పాడినవారిలో పలువురు అప్పటికే గతించారు.